తొమ్మిదో నంబరు రూము పెద్దనాయన

మా పెద్దనాయన పోయాడని గుంతకల్లులో మా ఎదురింటివాళ్ల ఫోనుకు కబురొచ్చింది. పొద్దున బడికి పోవడానికి క్యారియరు కట్టుకుంటున్నాను. ఫోన్లో తమ్ముడు. "అక్కా, పెద్దనాయన లేడు" అని ఒక్క మాటే అన్నాడు. కాస్త తేరుకున్నాక, నిద్రలోనే పోయాడనీ, బాధ పడలేదనీ, కళ్లద్దాలు మడిచి దిండు పక్కన పెట్టుకునే ఉన్నాడనీ చెప్పాడు. అప్పుడు నేనడిగిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఏ రూములో?" అన్నాను. "ఇంకే రూమక్కా, తొమ్మిదిలోనే" అన్నాడు వాడు.

మీలో చిన్నప్పుడు పిల్లల మాసపత్రికలు చదివినవాళ్లుంటే మా పెద్దనాయన మీకు తెలిసే ఉంటాడు. డెబ్బైల చివర నుంచి కొన్నేళ్లపాటు ఒక పత్రికలో హోటలు దయ్యాల కథలు వచ్చేవి. కథ కింద ఒక ఆడమనిషి పేరుండేది. ఆ ఆడమనిషే మా పెద్దనాయన. ఆ కథలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయని చాలామంది పిల్లలు పత్రికకు కార్డులు రాశారు. ఎవరికీ జవాబు రాలేదు. ఆ జవాబు నా దగ్గరుంది. ఆ కథలు ఆగిపోయింది నా వల్ల. ఆ సంగతి పెద్దనాయనకు నా నోటితో చెప్పాలని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను. ఆయన బతికుండగా నోరు పెగల్లేదు. అందుకే ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

మాది బళ్లారి బజారులో బట్టల వ్యాపారం. నాయన అంగట్లో కూర్చునేవాడు. నాయనకు అన్న అయిన పెద్దనాయన స్టేషన్ రోడ్డులో మా లాడ్జి చూసుకునేవాడు. కింద టిఫిను హోటలు, మేడ మీద పన్నెండు రూములు. పెద్దమ్మ పెళ్లయిన కొన్నేళ్లకే పోయింది, పిల్లలు లేరు. ఇంట్లో అన్నం తిని లాడ్జికి పోతే మళ్లీ దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. అక్కడికి పత్తి బేరానికి వచ్చేవాళ్లు, యశ్వంతనగర్ గనుల ఏజెంట్లు, హగరి వ్యవసాయ ఫారానికి పని మీద వచ్చే ఆఫీసర్లు, కెంచనగుడ్డ వైపు నుంచి పెద్దాసుపత్రికి మనిషిని చూపించుకోవడానికి వచ్చే రైతులు దిగేవాళ్లు. అందరినీ ఆయన ఒకే మాటతో పలకరించేవాడు. "రాండప్పా. ఏం పని మీద వచ్చినారు?"

అది మర్యాదకు అడిగేది మాత్రమే కాదు. లాడ్జిలో దిగినవాళ్లు రాయాల్సిన పెద్ద రిజిస్టరు ఒకటి ఉండేది. పేరు, ఊరు, ఎంతమంది, వచ్చిన పని, పోయిన రోజు. చాలామంది పేరూ ఊరూ గబగబా రాసేసి, 'వచ్చిన పని' దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆపేవాళ్లట. కొందరు 'సొంత పని' అని రాసేవాళ్లు. కొందరు పెద్దనాయన ముఖం చూసేవాళ్లు. ఆ పెన్ను ఆగడం చూసీ చూసీ ఆయనకు కథలు పుట్టాయి.

మధ్యాహ్నం రెండు గంటలకు, బళ్లారి ఎండకు రోడ్డు మీద కుక్క కూడా తిరగని వేళ, పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో రాసేవాడు. చెవిలో పెన్సిలు ముక్క, కళ్లద్దాల కాడకు కట్టిన నల్లదారం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఎండాకాలం సెలవుల్లో నన్నూ తమ్ముణ్నీ, వీధిలో పిల్లలనూ పిలిచి, రాసింది చదివి వినిపించేవాడు. మేము ఎక్కడ భయపడ్డామో అక్కడ పక్కన గీత గీసుకునేవాడు. ఎక్కడ ఆవలించామో అక్కడ కొట్టేసేవాడు. ఒకసారి రాత్రి చెప్పమని మారాం చేశాము. ఒప్పుకోలేదు. "దయ్యాల కథ పగలే చెప్పల్ల. రాత్రి చెప్తే అది కథ గాదు, పిల్లల్ని ఏడిపించేది" అన్నాడు.

ఆయన కథల్లో ఊరు ఏదైనా హోటలు ఒకటే. మేనేజరు ఒక ముసలాయన. దయ్యం మామూలు మనిషిలాగే సంచీ పట్టుకుని వచ్చి రూము అడుగుతుంది. రిజిస్టరులో పేరు రాస్తుంది, ఊరు రాస్తుంది, 'వచ్చిన పని' దగ్గర ఆగిపోతుంది. మేనేజరుకు అక్కడే అర్థమైపోతుంది. అయినా తాళంచెవి ఇస్తాడు. ఆ తర్వాత మొదలవుతుంది అసలు భయం. మూసిన రూములో కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరూ లేని స్నానాల గదిలో నీళ్లు, కింద వేయించిన బజ్జీలు పళ్లెంలోంచి ఒక్కొక్కటే మాయం కావడం. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి వినేవాళ్లం. మేనేజరు మాత్రం ప్రతి పొద్దునా తలుపు తట్టి, రిజిస్టరు చూపించి, ఆ ఒక్క గడి గురించే అడుగుతాడు. ఎప్పటికో దయ్యం నోరు విప్పి ఆ పని చెప్పుకుంటుంది. చెప్పుకున్న మర్నాడు రూము ఖాళీ. తాళంచెవి కొక్కేనికి ఉంటుంది. ప్రతి కథా అక్కడే అయిపోతుంది. అలాగే అయిపోతుందని తెలిసి కూడా, ఏం పనో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకునేది.

వాటిలో పత్రికవాళ్లకు ఎక్కువ ఉత్తరాలు తెచ్చింది తొమ్మిదో నంబరు రూము కథ. గనుల ఏజెంటు ఒకాయన తొమ్మిదో రూములో దిగుతాడు. రోజూ తెల్లారేసరికి ఉతికిన దుప్పటి మీద, కడిగిన నేల మీద ఎర్రమట్టి అడుగులు. తుడిస్తే మళ్లీ వస్తాయి. చివరికి ఆయన చెప్పుకున్న పని ఏమిటంటే, కూతురికి బజారులో రిబ్బన్లు కొనుక్కొస్తానని చెప్పి, మరిచిపోయి బయలుదేరాడు. ఇంటికి చేరకుండానే పోయాడు. మేనేజరు రిబ్బన్లు కొని యశ్వంతనగర్ బస్సులో పంపిస్తాడు. ఆ కథ విని నేను ఏడ్చాను. పెద్దనాయన గీత గీసుకోలేదు, పెన్సిలు కింద పెట్టి నన్ను దగ్గరకు తీసుకున్నాడు. "దయ్యమంటే ఏంది పాపా? వచ్చిన పని చెప్పుకోలేక ఆగిపోయినోడు. అంతే. దానికి భయపడేది ఏముండాది?" అన్నాడు.

ఆ కథలో ఆయన చేసిన పొరపాటు ఒకటే. మా లాడ్జిలో నిజంగానే తొమ్మిదో రూము ఉంది. కొండ కనబడే రూము. గనుల నుంచి వచ్చేవాళ్లకు అదంటే ఇష్టం. వాళ్ల చెప్పుల మట్టితో అక్కడ నేల నిజంగానే ఎర్రగా అయ్యేది. రూములు ఊడ్చే తిప్పక్క రోజూ దాన్ని తుడవలేక తిట్టుకునేది. కళ్లెదుట ఉన్నదాన్ని ఉన్నట్టు రాశాడాయన, నంబరు మార్చాలని తోచలేదు. తన పేరు మాత్రం ఎక్కడా బయటికి రానివ్వలేదు. లాడ్జి నడిపే మనిషి లాడ్జి దయ్యాల కథలు రాస్తాడని తెలిస్తే ఎవరు దిగుతారు? ఇంట్లోవాళ్లకు, తిప్పక్కకు తప్ప ఆ సంగతి తెలియదు. పిల్లలమైన మాకు గట్టిగా చెప్పి పెట్టారు, బయట అనొద్దని. వీధి పిల్లలు కూడా ఆయన పత్రికలోవి చదివి వినిపిస్తున్నాడనే అనుకునేవాళ్లు.

నాకు పదేళ్లు. మా తెలుగు బడిలో ఆ నెల పత్రిక చేతులు మారుతూ నా బెంచీకి వచ్చింది. పక్కమ్మాయి వాళ్ల నాయన కొత్త లారీ కొన్నాడని వారం రోజులుగా గొప్పలు పోతోంది. నాకూ ఏదో ఒకటి కావాలి గదా. ఆ కథ రాసింది మా పెద్దనాయన అన్నాను. నమ్మలేదు. ఆ తొమ్మిదో రూము మా లాడ్జిలోదే అన్నాను. నవ్వారు. దాంతో నాకు రోషం వచ్చి, ఎర్రమట్టి అడుగులు నేనే కళ్లారా చూశాననీ, రాత్రి తుడిస్తే పొద్దునకు మళ్లీ ఉన్నాయనీ చెప్పాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నా చుట్టూ మూగారు. నా జీవితంలో అంత గొప్ప మధ్యాహ్నం అంతకు ముందు లేదు.

ఆ బెంచీల్లో కూర్చున్నవాళ్లంతా బజారు పిల్లలే. మాట ఆ సాయంత్రమే ఇళ్లకు పోయింది, మర్నాటికి అంగళ్లకు వచ్చింది. వారం తిరిగేసరికి దిగడానికి వచ్చినవాళ్లు తొమ్మిది వద్దనడం మొదలుపెట్టారు. తర్వాత ఎనిమిదీ పదీ కూడా వద్దన్నారు, పక్కన ఉన్నాయని. ఇదంతా సర్దుకునేదేమో. కానీ అది పెళ్లిళ్ల కాలం. అనంతపురం నుంచి వచ్చే మగపెళ్లివాళ్లకు విడిదిగా మా లాడ్జి మొత్తం మాట్లాడి పెట్టుకున్నారు. ఆడపెళ్లివాళ్ల పెద్దాయన వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు. కొత్త పెళ్లికొడుకును దయ్యాలున్న చోట దించితే రేపు ఏ చిన్న కష్టమొచ్చినా మాటొస్తుంది, విడిది ఇంకోచోట చూసుకున్నాము అని. ఆ తర్వాత ఇంకో రెండు విడుదులూ పోయాయి.

నాయన కోపిష్టి. ఆ సాయంత్రం లాడ్జి కౌంటరు దగ్గర రూము పనివాళ్లందరినీ నిలబెట్టాడు. తిప్పక్క ముందు నుంచీ ఆ మట్టి గురించి గొణిగేది కాబట్టి అనుమానం ఆమె మీదికి పోయింది. కథల సంగతి తెలిసిన బయటి మనిషి కూడా ఆమే. రేపటి నుంచి రావద్దన్నాడు. తిప్పక్క మొగుడు గనిలో పని చేసి ఊపిరితిత్తులు పాడై ఇంట్లో పడి ఉన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆమె పని చేయాలి. "నేను ఎవురికీ చెప్పలేదప్పా. నా బిడ్డల మీద ఆన" అని చేతులు జోడించింది. నేను మెట్ల తలుపు వెనక ఉన్నాను. సందులోంచి అంతా కనబడుతోంది. చెప్పింది నేను. ఒక్క అడుగు ముందుకేసి ఆ మాట అంటే చాలు. ఆ అడుగు వేయలేదు. నాయన చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు.

పెద్దనాయన అప్పటిదాకా కౌంటరు వెనక కూర్చునే ఉన్నాడు. చెవిలో పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు.

"దాన్నెందుకంటావప్పా. చెప్పింది నేనే. మార్కెట్లో నలుగురు కథ బాగుండాదంటే గొప్పకు పోయి చెప్పుకుంటి. తప్పయిపోయింది."

 అన్నను పనివాళ్ల ముందు నాయన ఏమనగలడు? చివరికి ఇకమీదట ఆ రాతలు మానుకుంటే చాలన్నాడు. పెద్దనాయన సరేనన్నాడు. ఆ పెన్సిలు ముక్క బల్ల మీద అలాగే ఉంది, ఆయన మళ్లీ చెవిలో పెట్టుకోలేదు. తిప్పక్క చీపురు తీసుకుని పనిలోకి పోయింది. నేను ఆ తలుపు వెనక నుంచి బయటికి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దనాయన తన పరుపు, చెంబు, రెండు చొక్కాలు రిక్షాలో వేయించుకుని తొమ్మిదో రూములో దిగడానికి వచ్చాడు. దయ్యం ఉందో లేదో మనిషి ఉండి చూపిస్తే గానీ బజారు నమ్మదన్నాడు. తోడుకు నన్ను రమ్మన్నాడు. నేను ధైర్యవంతురాలిననే పిలిచాడని చాలా ఏళ్లు అనుకున్నాను, ఎంత పిచ్చిదాన్నో చూడండి. సొంత లాడ్జి అయినా పద్ధతి ప్రకారం రిజిస్టరు తెరిచాడు. తన వరుసలో పేరు, ఊరు రాసి, వచ్చిన పని దగ్గర 'ఉండేదానికి' అని రాశాడు. కింద ఇంకో వరుస చూపించి పెన్ను నా చేతికిచ్చాడు. పేరు రాశాను. ఊరు రాశాను. వచ్చిన పని దగ్గర నా పెన్ను ఆగిపోయింది.

ఆయన చూస్తున్నాడు. కళ్లద్దాల పైనుంచి, నింపాదిగా.

"సుమ్నె వస్తి అని రాయనా?" అన్నాను. సుమ్నె అంటే మా వైపు కన్నడం కలిసిన మాట, ఊరికే అని.

"సుమ్నె ఎవురూ రారు పాపా," అన్నాడు. "తెలిసినప్పుడు రాద్దువులే. తావు ఉండనీ."

ఆ గడి ఖాళీగా ఉంచి రిజిస్టరు మూశాడు. ఇద్దరం పైకి పోయి కిటికీ తెరిచి కొండను చూస్తూ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాము. రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడేలా కిటికీలోనే నన్ను కూర్చోబెట్టాడు. కారానికి నా కళ్లల్లో నీళ్లొస్తే నవ్వాడు, నేనూ నవ్వాను. పిల్ల నవ్వుకుంటూ కూర్చున్న రూములో దయ్యమెక్కడిదని నెమ్మదిగా జనం తిరిగి వచ్చారు. మరుసటి ఏడాది విడుదులూ వచ్చాయి. ఆయన మాత్రం ఆ రూము ఖాళీ చేయలేదు. అలవాటైపోయిందని అక్కడే ఉండిపోయాడు.

నాయనకిచ్చిన మాట తప్పలేదు. మళ్లీ ఒక్క కథ రాయలేదు. సెలవుల్లో పిల్లలు వస్తే నోటితో చెప్పేవాడు, అదీ పగలే. పత్రిక నుంచి పిల్లల కార్డులు కట్టగా వచ్చేవి. ఒక్కొక్కటీ చదివి అట్టపెట్టెలో పెట్టుకునేవాడు. ఆ పెట్టె కనబడితే నేను తల తిప్పుకునేదాన్ని. బళ్లారిలో తెలుగు చదివే పిల్లలు ఏటికేడు తగ్గిపోతున్నారని మా మాస్టర్లు బాధపడేవాళ్లు. ఆ కథల కోసమే తెలుగు కూడబలుక్కుని చదివిన పిల్లలు నాకు తెలుసు. వాళ్ల నోటి దగ్గరిది నేను లాగేశాను గదా అనిపించేది.

ఆయనకు అంతా తెలుసునని నా పదిహేనో ఏట నాకు తట్టింది. ఏదో పనిలో ఉండగా ఆ ఖాళీ గడి గుర్తొచ్చి, దాన్ని నా కోసమే అలా ఉంచాడని అర్థమైంది. ఆ రోజే పోయి చెప్పి ఉండాల్సింది. పోయాను కూడా. కౌంటరు దగ్గర ఆయన తల ఎత్తి, అందరినీ అడిగినట్టే అడిగాడు. "ఏం పని మీద వచ్చినావు పాపా?" నేను "సుమ్నె పెద్దనాయనా" అన్నాను. అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా అదే ప్రశ్న, అదే జవాబు. నా పెళ్లయి గుంతకల్లు వచ్చి, బడిలో టీచరునయ్యాక కూడా అంతే. రైల్లో హగరి ఏరు దాటేలోపల మాటలన్నీ వరుసగా పేర్చుకునేదాన్ని. స్టేషన్ రోడ్డులో నడిచేసరికి చెదిరిపోయేవి. ఆయన ఒక్కసారి కూడా గుచ్చి అడగలేదు. "సరే, ఉగ్గాని తెప్పిస్తా ఉండు" అనేవాడు. మొన్న ఉగాదికి పోయినప్పుడు మంచంలోనే ఉన్నాడు. గొంతు బాగా సన్నబడింది. అప్పుడూ అదే అడిగాడు. అప్పుడూ సుమ్నె అనే అన్నాను. నన్ను ఏం చేసినా పాపం లేదు.

పదకొండో రోజున అందరూ ఇంటి దగ్గర భోజనాల హడావుడిలో ఉండగా నేను లాడ్జికి పోయాను. తిప్పక్క తొమ్మిదో రూము కడుగుతోంది. జుట్టంతా నెరిసిపోయింది. మొగుడు ఎప్పుడో పోయాడు, బిడ్డలు ఎదిగారు. ఇప్పటికీ ఆ రూము ఇంకొకరికి వదలదు. ఆమె చేతిలో చీపురు పట్టుకుని ఆపి, ఆ మాట ఎవరు చెప్పారో చెప్పేశాను. పద్నాలుగేళ్లు మోసింది చెప్పడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? బకెట్టు నిండేలోపల అయిపోయింది.

తిప్పక్క కొళాయి కట్టేసి, నడుము మీద చెయ్యేసుకుని నిలబడింది.

"నాకు తెలీదనుకుంటివా? ఆ పొద్దు తలుపు సందులో నీ గౌను కనపడతానే ఉన్నె. చెప్పనోళ్లు అట్ల దాక్కుంటారా? మీ పెద్దనాయనకు చెప్పబోతి. 'నేనూ చూసినాలే తిప్పక్కా' అనె. 'మనం అడగగూడదు, దాని అంతకు అదే చెప్తాది, అందాకా చూస్తాము' అనె."

నాకు ఏడుపు ఆగలేదు. తిప్పక్క ఓదార్చలేదు, తడి చేత్తో నా ముఖం మాత్రం ఒకసారి తుడిచింది. కొంతసేపటికి కింద బీరువాలో పాత రిజిస్టర్లున్నాయనీ, అన్నీ చెదలు తినకుండా ఆయప్ప ఏటా ఎండబెట్టేవాడనీ చెప్పింది.

బీరువాలో అడుగు నుంచి మూడోది. అట్ట ఊడిపోయింది గానీ కాగితాలు బాగున్నాయి. ఆయన వరుస, దాని కింద గుండ్రటి పిల్లరాతతో నా వరుస. పేరు, ఊరు, తర్వాత తెల్లటి గడి. అన్నేళ్ల కాగితమంతా పసుపెక్కినా ఆ గడి నాకు తెల్లగానే కనబడింది. కౌంటరు మీది పెన్ను తీసుకుని, వచ్చిన పని దగ్గర 'చెప్పింది నేనే పెద్దనాయనా' అని రాశాను. చిన్న గడి, అక్షరాలు పక్క గడిలోకి పోయాయి. పోయిన రోజు దగ్గర ఆ రోజు తేదీ వేశాను.

తిప్పక్క రూముకు తాళం వేసి వచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. దాన్ని తొమ్మిదో కొక్కేనికి తగిలించాను. ఇత్తడి బిళ్ల చెక్క పలకకు రెండుసార్లు టక్కుటక్కున తగిలి, కొంచెంసేపు ఊగింది.